ఆడిగాలికి పడిన జెండా

నా చిన్నప్పుడు కోయంబత్తూరులో మా మిల్లు లైను ఇళ్ళు రెండు వరసలుగా ఎదురుబొదురుగా ఉండేవి. మధ్యలో సందు, సందు చివర అందరికీ ఒకే కుళాయి. రెండు వరసల్లోనూ తెలుగువాళ్ళమే. మిల్లులో, బజారులో ఎంత అరవం మాట్లాడినా సందులో అడుగుపెట్టగానే నాలుక తెలుగుకు తిరిగేది. మాలో మేము అరవం మాట్లాడుకున్నామంటే ఎదుటివాణ్ణి పరాయివాడిగా తీసిపారేసినట్టే.

ఆ ఏడు మిల్లు సంఘం రెండుగా చీలింది. సమ్మె కావాలన్నది మా వరస, పనిలోకి పోదామన్నది ఎదుటి వరస. మా వరసకు మా నాయనే పెద్ద. కుళాయి పక్కన వెదురు గడ పాతి మావాళ్ళు జెండా కట్టారు. ఎదురింటి అత్త మాకు చుట్టం కాదు, పిలుపు అంతే. ఆమె కూతురూ నేనూ ఒకే కంచంలో తిని పెరిగాం. ఇకనుంచి ఆ పిల్లతో మాట్లాడితే కాళ్ళు విరగ్గొడతానన్నాడు నాయన.

ఒంటరితనం అనే మాట అప్పుడు నాకు తెలియదు. నేను అక్షరాలు దిద్దింది నలభై దాటాక, మనవరాలి పలక మీద. అప్పుడు తెలిసిందల్లా, తొక్కుడుబిళ్ళలో నా వంతు అయ్యాక ఆ పిల్ల వంతు కూడా నేనే ఆడుకోవడం. ఆ పిల్ల గడపలో కూర్చుని చూసేది. నేను చూడనట్టు గెంతేదాన్ని.

ఒక సాయంత్రం ఆ ఆటా విసుగుపుట్టి, జెండా గడకూ కుళాయి దగ్గరి రాతికూసానికీ తాడు కట్టి ఊగాను. గడ మొదట్లో మట్టి వదులై పక్కకు ఒరిగింది. కాలితో మట్టి తొక్కాను. ముడి బిగుసుకుపోయి ఊడి రాలేదు. తల ఎత్తితే బిందె పట్టుకుని ఎదురింటి అత్త నిలబడి ఉంది. తాడు అక్కడే వదిలేసి ఇంట్లోకి పరుగెత్తాను.

అది అరవవాళ్ళ ఆడి మాసం, మన ఆషాఢం. పాలక్కాడు కనుమలోంచి వచ్చే గాలి రాత్రంతా పెంకులు లేపింది. తెల్లారేసరికి గడ మొదలు విరిగి పడి ఉంది, జెండా మురికికాలువలో ఉంది. నా తాడు మాత్రం కనబడలేదు.

రాత్రి ఎదుటివాళ్ళు నరికారని ఒకడన్నాడు. రెండోవాడికి అది నిజమైపోయింది. చేతుల్లోకి ఇనుపకడ్డీలు వచ్చాయి. ఎదురింటి మామతో ఒకే బీడీ పంచుకు తాగిన మా నాయన, అతని గడప ముందు నిలబడి, ఎవడ్రా నరికింది అని అరవంలో అరిచాడు. మామ కూడా అరవంలోనే జవాబిచ్చాడు. నేను తలుపు వెనక ఉన్నాను. ఒక్క మాట చెబితే చాలు. తన్నులు గుర్తొచ్చి తలుపు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.

అప్పుడు అత్త ఆ మగవాళ్ళ మధ్యకు నడిచి వచ్చింది. ఒక చేతిలో నా తాడు, చంకలో తడిచీరల మూట.

"అన్నా, ఇది నా పని. నేనే తాడు కట్టి చీరలు ఆరేస్తి. ఆడిగాలికి పచ్చడి నూరే అమ్మికల్లే ఎగిరిపోతుందంటారే, మీ వెదురెంత!"

కుళాయి దగ్గరి ముసలామె పకపకా నవ్వింది. "నాలుగు చీరలకు తట్టుకోనిదా మీ జెండా? ఇదా మిల్లు గెలిచేది!"

ఎవరో కిసుక్కుమన్నారు. నాయన తాడు వంక చూశాడు. అది మా ఇంటి తాడని గుర్తుపట్టాడో లేదో నాకు ఈనాటికీ తెలియదు. కడ్డీ కిందికి దించి, "చూసి కట్టకూడదామ్మా?" అన్నాడు. తెలుగులో అన్నాడు.

మావాళ్ళు ఇళ్ళకు పోయారు. కానీ ఎదుటి వరస ఆమెను వదల్లేదు. మనం చేయని తప్పు చేశామని ఒప్పుకుని పరువు తీసిందని సొంతవాళ్ళే మామను వెలివేసినట్టు చూశారు. నెల తిరక్కముందే సామాను బండికెత్తుకుని పోదనూరు వైపు వెళ్ళిపోయారు. పోతూ పోతూ అత్త ఆ తాడు చుట్టచుట్టి నా చేతిలో పెట్టి, "ఇంకమీద ఊగేదానికి గట్టి మాను చూసుకోవే" అని నా బుగ్గ గిల్లింది. అంతే. నన్ను తిట్టలేదు. బండి వెనక కూర్చున్న పిల్ల నాకేసి చూస్తూనే ఉంది. దానికి తెలుసో తెలియదో.

ఇప్పుడు టీవీలో పెద్దపెద్దవాళ్ళు కూర్చుని, దేశం రెండుగా చీలి తనలో తాను కొట్టుకు చస్తుందా, ఏ నిప్పు అంటుకుంటే అంత పని జరుగుతుంది అని వాదించుకుంటూ ఉంటారు. నాకు అంత చదువు లేదు. జెండా పడినందుకు అంటుకోదు. అది ఎలా పడిందో తెలిసినవాళ్ళు తలుపు వెనక నిలబడితే అంటుకుంటుంది. నేను నిలబడ్డాను కాబట్టి చెబుతున్నాను.

నాకు నోటిదురుసని మా ఇంట్లో అంటారు. ఎవరూ నా దగ్గర ఎక్కువసేపు కూర్చోరు. కూర్చోకపోతే పోనీ, తెలిసింది మింగేసి బతకడం ఒకసారి చేశాను, చాలు. మా నాయన పోయేదాకా ఆయనకు మాత్రం చెప్పలేకపోయాను. ఆ పిల్ల ఎక్కడుందో తెలియదు. తొక్కుడుబిళ్ళలో దాని వంతు ఇంకా నా దగ్గరే ఉండిపోయింది.