పిడికెడు బియ్యం, చివరి చాప

మొన్న అమలాపురంలో పని చూసుకుని మా ఊరి మలుపులో ఆటో దిగేసరికి, కాలవ వంతెన పక్కన కట్టిన ఫ్లెక్సీలోంచి మా అమ్మ నా వంక చూస్తోంది. ఆధార్ కార్డు ఫొటోని పెద్దది చేయించినట్టున్నారు, ముఖం కాస్త చెదిరింది గానీ ఆ మొండి చూపు మాత్రం చెదరలేదు. కింద పెద్దక్షరాల్లో 'పరిశుద్ధ జీవితానికి మాదిరి' అని రాసి, వచ్చే ఆదివారం స్త్రీల కూడికలో నేను ఆవిడ గురించి సాక్ష్యం చెబుతానని కూడా వేసేశారు. నన్నెవరూ అడగలేదు. సాయంత్రం మా మందిరం అయ్యగారు, అదే మా పాస్టరుగారు, ఫోన్ చేసి, వందనాలు చెప్పి, అవీ ఇవీ మాట్లాడి, చివరికి అసలు సంగతికొచ్చారు.

"మంచి విషయాలు చెప్పండమ్మా. ఆ బల్ల గొడవ మాత్రం ఎత్తకండి, కొత్తగా వచ్చిన విశ్వాసులు కంగారు పడతారండి" అన్నారు.

మనవడి ఈడు కుర్రాడు, మర్యాదస్తుడు, ఆయన మీద నాకు కోపం లేదు. ఆ మాట మీదే నాకు కోపం. అది ఎత్తకపోతే మా అమ్మ పరిశుద్ధత గురించి చెప్పడానికి నా దగ్గర ఇంకేం మిగులుతుంది?

నా ఈడు ఆడవాళ్లకి పిడికెడు బియ్యం సంగతి గుర్తుండే ఉంటుంది. ఎసరు పెట్టి బియ్యం కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వెయ్యడం, ఆదివారం ఆ కుండ పట్టుకెళ్లి మందిరంలో పెద్ద బుట్టలో పొయ్యడం మన ఇళ్లల్లో ఊపిరి పీల్చుకున్నంత మామూలుగా జరిగేది. ఆ బియ్యం దేవుడి కోసం ప్రత్యేకించినవి, ఇంట్లో ఎంత ఇబ్బంది వచ్చినా వాటి జోలికి వెళ్లకూడదు. నాన్న కొబ్బరికాయలు ఒలిచే పనికీ, అమ్మ ఊడుపులకీ కోతలకీ వెళితే గడిచే ఇల్లు మాది. అయినా అమ్మ పిడికిలి ఎప్పుడూ బిగుసుకోలేదు. "దేవుడు ఒక్కడే కదే, పెళ్లివారికి తీసినట్టు తీస్తావేంటి" అని నాన్న ఏడిపిస్తే, ఆవిడ పంతానికి ఇంకో నాలుగు గింజలు వేసేది.

నా చిన్నప్పుడు ఒక ఏడు గోదారి పొంగి, నీళ్లు తీశాక కూడా ముసురు వదలక, ఊళ్లో ఎవరికీ పనుల్లేకుండా పోయాయి. మేము అరటికాయలు ఉడకేసుకుని కాలక్షేపం చేస్తున్నాం. వరదల్లో మందిరానికి వెళ్లడం కుదరక, అంతకుముందు తీసిన దేవుడి బియ్యం మాత్రం కుండలోనే ఉండిపోయాయి. మా పక్కింట్లో నేను అక్కా అని పిలిచే ఒకావిడ ఉండేది. పెళ్లి కాకుండానే కడుపొచ్చిందని సంఘం ఆవిణ్ణి వెలివేసింది, చేసినవాడు మాత్రం ముందు వరసలో కూర్చుని పాటలు పాడుతుండేవాడు. ఆ ముసురులోనే అక్క ప్రసవించింది. పసిగుడ్డు ఏడుపు పొద్దుటికీ సాయంత్రానికీ సన్నబడిపోతూంటే, అమ్మ కాసేపు గుమ్మంలో నిలబడి విని, లోపలికొచ్చి దేవుడి కుండ దింపింది. అది దేవుడిది కదమ్మా అన్నాను నేను. "అందుకే తీస్తున్నాను" అంది. ఆ బియ్యం అయిపోయేదాకా గంజి కాచి అక్కకి పోసింది, అక్కకి పాలు పడి పసిగుడ్డు ఏడుపు మళ్లీ గట్టిపడింది, మా కంచాల్లో మాత్రం ఒక్క గరిటె కూడా పడలేదు.

ఆదివారం ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ముసురు రోజులు, కుండ తేలేదేమని అడిగే నాథుడు లేడు. కానీ అమ్మ ఎప్పటిలాగే కుండ పట్టుకుని మందిరానికి వచ్చి, తన వంతు రాగానే దాన్ని బుట్ట మీద బోర్లించి, ఒక్క గింజ కూడా రాల్లేదని అందరూ చూశాక, ఎవరికి పోసిందో చెప్పింది. దేవుడితో దాపరికాలేంటని ఆవిడ లెక్క. సంఘ పెద్దల్లో వయసులో పెద్దాయన, మాకు వరసకి తాతగారు, లేచి నిలబడి, పరిశుద్ధమైన దాన్ని పాపానికి పెట్టావు, మోకాళ్ల మీద తప్పు ఒప్పుకో అన్నారు.

"దొంగతనం చేస్తే ఒప్పుకుందునండి. ఆకలికి పెట్టేను. దానికి మోకాళ్లెందుకండి?" అంది అమ్మ.

అమ్మని బల్లకి దూరం పెట్టారు. అంటే, ప్రభువు పేర రొట్టె, ద్రాక్షరసం అందరికీ పంచేటప్పుడు ఆవిడకి పెట్టరు. అలాంటివాళ్లు సాధారణంగా ఆ సమయానికి లేచి బయటికి వెళ్లిపోతారు, సిగ్గుతో కొన్నాళ్లకి తప్పు ఒప్పేసుకుంటారు. అమ్మ లేవలేదు. తలుపు పక్కన గోడ దగ్గర చివరి చాప మీద కొంగు కప్పుకుని కూర్చునేది, పళ్లెం తనని దాటి వెళ్లిపోతూంటే తలదించకుండా చూసేది. విచిత్రమేమిటంటే, ముసురు వదిలి ఇంట్లో మళ్లీ అన్నం ఉడికిన రోజు నుంచే పిడికెడు తియ్యడం మొదలుపెట్టింది, వాళ్లూ ఆ బియ్యాన్ని వద్దనకుండా బుట్టలో పోయించుకున్నారు. అమ్మ చేతి బియ్యం పనికొచ్చాయి, అమ్మ చెయ్యి పనికిరాలేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నాకు ముమ్మిడివరం సంబంధం కుదిరినప్పుడు అసలు చిక్కొచ్చింది. తల్లి తప్పు ఒప్పుకుంటేనే కూతురి పెళ్లి మందిరంలో జరిపిస్తామన్నారు పెద్దలు. నాన్న దిగులుపడి, పిల్ల కోసం ఒక్కసారి వంగితే ఏం పోతుందని బతిమాలాడు. అమ్మ నా వైపు తిరిగింది. "నీ కోసం వంగమంటే వంగుతానే. కానీ తప్పు చేశానని అనలేను, అబద్ధమైపోద్ది" అంది. పెళ్లి పోతుందేమోనని నాకు భయంగానే ఉంది. అయినా, వంగొద్దమ్మా అన్నాను. ఆ మాట అన్నందుకు ఈనాటికీ నాకు గర్వమే.

సంగతి తెలిసి కాబోయే అత్తగారు స్వయంగా బస్సెక్కి వచ్చారు. సంబంధం వదులుకుంటామని చెప్పడానికే వచ్చారనుకుని మేం బిగదీసుకుని కూర్చుంటే, ఆవిడ మంచినీళ్లు తాగి, "గంజి పోసినందుకాండీ ఇదంతా? మా మందిరంలో చేసుకుందాం రండి వదినగారూ" అన్నారు. పెళ్లి అక్కడే జరిగింది. అక్కడి అయ్యగారు సంగతంతా విని అమ్మకి బల్ల ఇస్తామన్నారు. అమ్మ దణ్ణం పెట్టి, మా ఊళ్లో తీసుకుంటానండి, అక్కడే కదా నన్ను ఆపేరు అంది.

కొన్నేళ్లకి నేను మళ్లీ ఈ ఊరే వచ్చి స్థిరపడ్డాను గానీ, మా ఊళ్లో ఆవిడకి ఆ రోజు రానేలేదు. అయ్యగార్లు మారారు, పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, వచ్చిన ప్రతి కొత్తాయనా ఒక్క మాట అనేయండి చాలని అడిగేవారు. "ఆయ్, అలాగేనండి. గంజి పొయ్యడం తప్పని మీరు ముందు అనండి, మీ వెనకాల నేనంటాను" అనేది అమ్మ. ఒక్కరూ అనలేకపోయారు. ఆవిడ పోయినప్పుడు, ఎప్పుడో మామిడికుదురు వైపు వెళ్లి స్థిరపడిన పక్కింటి అక్క ముసలిదైపోయి వచ్చి, అందరికంటే ముందు పిడికెడు మన్ను వేసి, గట్టిగా ఏడ్చింది.

ఇప్పుడు మందిరానికి ఏసీ వచ్చింది, కానుకకి ఫోన్ చూపిస్తే సరిపోతోంది. పిడికెడు బియ్యం అంటే మా మనవరాలికి నేను విడమరచి చెప్పాల్సి వచ్చింది. వీధిలో ఎవరింట్లో పొయ్యి వెలగలేదో ఇదివరకు కుండ చేతిలో ఉన్న ఆడవాళ్లకి తెలిసేది, ఇప్పుడు నాకూ తెలియడం లేదు, ఆ మాటకి మాత్రం బెంగగా ఉంటుంది. పరిశుద్ధంగా బతకడమంటే పాపులకి దూరంగా బతకడమని మాకు నేర్పారు. అమ్మ దాన్ని ఏనాడూ ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోను. బతికున్నన్నాళ్లూ రొట్టె ముక్క పెట్టని చేతులతో చచ్చిపోయాక ఫ్లెక్సీ కడితే సరిపోతుందంటే అసలు ఒప్పుకోను.

ఆదివారం అమ్మ కుండ ఖాళీగా పట్టుకెళ్లి, అందరి ముందూ బోర్లించి, అక్కడి నుంచే మొదలుపెడతాను. నన్నూ బల్లకి దూరం పెడితే పెట్టనివ్వండి. చాపలు పోయి ప్లాస్టిక్ కుర్చీలొచ్చాయి గానీ, తలుపు పక్కన గోడ దగ్గర ఒక చాప పరుచుకునేంత చోటు ఇంకా ఉంది. నిన్ననే వెళ్లి చూసి వచ్చాను.