పెదాలు చూసి వినే మా నాయన

మా నాయన ఆదోనిలో పత్తి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లులో ఫిట్టరు. ముప్పయ్యేళ్ళ పని. యంత్రం జబ్బును చెవితోనే పట్టేస్తాడు. డిప్లొమా చదివిన నేను మీటరు పెట్టి చూసినా ఆయన మాటే నిజమయ్యేది.

కిడ్నీలు దెబ్బతిని, కాళ్ళు వాచి, ఆయాసంతో ఆసుపత్రిలో చేరాడు. ఒంట్లో నీరు దిగడానికి రోజుకు రెండుసార్లు నరానికి ఇంజెక్షను, ఇన్ఫెక్షనుకు మరొకటి. నేను ఫోనులో పట్టిక రాసేవాణ్ణి: మందు, మోతాదు, సమయం, మూత్రం కొలత. చెవుల సంగతి అందులో లేదు.

మూడో రోజు పొద్దున ఇంజెక్షను అయిన కాసేపటికి, "సెవుల్లో ఈల కూస్తాందిరా" అన్నాడు.

"మిల్లోళ్ళకి అది మామూలే కదా నాయనా."

"మిల్లు రొద నాకు తెలీదా? అది బొంగురు. ఇది సన్నం. సూదేసినాకనే మొదలాయ."

పక్క మంచం దగ్గరున్న నర్సుకు ఈ మాటలు వినబడ్డాయి. ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి. నేనే సర్ది చెప్పబోయాను: "అన్నిటికీ జవాబిస్తాండాడు, బాగానే వినపడతాంది."

"మిల్లోళ్ళు ఆ రొదలో పెదాలు సూసి మాట పట్టేస్తారన్నా. నేనూ మగ్గాల రొదలో పుట్టినదాన్నే."

ఆమె మా నాయన తల వెనక్కి పోయి మామూలు గొంతుతో అడిగింది: "మామా, టిఫిను తిన్న్యావా?"

నాయన నా వైపే చూస్తూ ఉన్నాడు. వెనక నుంచి వచ్చిన మాట ఆయన చెవిన పడనే లేదు.

ఆమె నా పట్టిక అడిగి తీసుకుని చదివింది. "నీరు దించే మందు మోతాదు పెద్దది. రద్దీలో గబగబా ఎక్కించేస్తాండారు. కిడ్నీలు బాగలేనప్పుడు ఇది సెవులకి తగులుతాది. ఆ రెండోది, ఇన్ఫెక్షను మందు గూడా తోడైంది." ఎవరికీ భయపడకుండా నేరుగా డాక్టరు దగ్గరికి పోయి ఇదే చెప్పింది.

నీరు దించే మందు ఆపితే ఆయాసం తిరగబెడుతుంది. అందుకని డాక్టరు మోతాదు తగ్గించి, మందు ఎక్కించే పంపు మిషను పెట్టి మెల్లగా ఇవ్వమన్నాడు. రెండో మందు మార్చాడు. వినికిడి చాలామందికి తిరిగి వస్తుందనీ, అందరికీ రాదనీ చెప్పాడు. నాయన బెంబేలు పడలేదు. గంట గంటకూ ఈల ఎంత తగ్గిందో చెబుతుంటే నేను రాసుకున్నాను.

మూడు రోజులు గడిచాయి. ఆ మధ్యాహ్నం నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను తలుపు దగ్గర నర్సుతో మెల్లగా అన్నాను: "ఉప్పు కూడదన్నా ఇంటికి పోతానే ఊరగాయ అడుగుతాడు, సూడండి."

గోడవైపు నుంచే గొంతు వచ్చింది.

"అడిగితే ఏం? మీరు పెడతారా ఏంది?"