బండి గడప

మొన్న మంగళవారం పొద్దున మా అత్తగారు పోయారు. కాఫీ తాగి, గ్లాసు నా చేతికిచ్చి, "పంచదార ఎక్కువైందే" అన్నారు. గ్లాసు కడిగి వచ్చేసరికి కుర్చీలోనే తల వాల్చేశారు. పోతూ పోతూ కూడా నీ కాఫీకి వంక పెట్టే పోయింది మా అమ్మ అని మా ఆయన ఏడుస్తూనే నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ వంక పెట్టని రోజున ఒంట్లో బాగాలేదేమోనని కంగారు పడేవాళ్లం.

పలకరించడానికి వచ్చినవాళ్లు "మంచి మనిషి, ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు" అంటున్నారు. ఎవర్నీ అనలేదా! భవానీపురంలో పాలవాడి దగ్గర్నుంచి కరెంటు మనిషి దాకా ఆవిడ చేత మాట పడనివాళ్లు లేరు. ఆవిడ మంచితనం మాటల్లో ఉండేది కాదు. అది ఎక్కడుండేదో నాకు తెలిసింది డెబ్బైల్లో, నేను కోడలిగా వచ్చిన కొత్తలో, ఒక పాత పికప్పు బండి దగ్గర. మీకు ఆ సంగతే చెప్పాలనిపించింది.

ఆ బండి మా మామగారిది. తెల్లవాళ్ల కాలంలో యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వేలం వేస్తే కొన్నారట. మంగళగిరి నుంచి చీరల మూటలు వేసుకుని వన్‌టౌన్ బట్టల కొట్లకి తోలేవారు. వీలైనప్పుడల్లా అత్తగారు కూడా పక్క సీట్లో కూర్చుని వెళ్లేవారు. ప్రతి శుక్రవారం ఇంటి గడపకి నూనె కలిపిన పసుపు రాశాక, మిగిలింది తీసుకెళ్లి బండి తలుపుల కింద, కాలు పెట్టి ఎక్కే రేకుకీ రాసేవారు. "అదీ గడపే. మనిషి దాటి వెళ్లాలి, మళ్లీ తిరిగి రావాలి" అనేవారు.

నా పెళ్లయిన ఏడాదే మామగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా అయింది. కొన్నాళ్లకి చెయ్యి కాస్త స్వాధీనంలోకి వచ్చింది. కర్ర పట్టుకుని రోజూ నాలుగడుగులు వేస్తే కాలు కూడా దారికొస్తుందన్నారు డాక్టరు గారు. ఆయన వేస్తేగా! వరండాలో పడక్కుర్చీ, అందులో ఆయన, ఎదురుగా రేకుల షెడ్డులో బండి. అటు చూడలేక మొహం పక్కకి తిప్పుకునేవారు. ఒకరోజు మా ఆయన్ని పిలిచి, "బండి కాటాకి వేసెయ్" అన్నారు. పాత ఇనుము కింద తూకానికి అమ్మెయ్యమని.

అత్తగారు ఆ మాట విని వంటింట్లోకి వచ్చేశారు. ఆవిడ కళ్లల్లో నీళ్లు చూడటం నాకు అదే మొదలు. "బండి కూడా పోతే ఆయన ఇంక ఆ కుర్చీలోంచి లేవరే" అన్నారు. కొంగుతో మొహం తుడుచుకుని, వరండాలోకి వెళ్లి, మామూలు గొంతుతో, "అమ్ముదాం లెండి. ఇనుము కింద ఎందుకూ, కాస్త బాగుచేయించి బండి కిందే అమ్ముదాం" అన్నారు. మీ ఇష్టం అన్నట్టు ఆయన చెయ్యి ఊపారు.

ఆటోనగర్ నుంచి మెకానిక్కు వచ్చి ఇంజను విప్పి పట్టుకెళ్లాడు. బయటి రంగు తర్వాత అక్కడే కొట్టిస్తానన్నాడు. లోపలి భాగం మాత్రం అత్తగారు ఎవర్నీ ముట్టనివ్వలేదు. "వాళ్లకి వదిలేస్తే లారీలకేసే చిలకపచ్చ పూసేస్తారు. ఆయన కూర్చునే చోటు రంగు నాకు తెలుసు" అన్నారు. డ్యాష్‌బోర్డు కింద, ఎండ తగలని చోట, పాత రంగు మిగిలి ఉంది. లేత పెసర రంగు. దాని పెచ్చు ఒకటి గీకి కొంగున ముడేసుకుని, నన్ను వెంటబెట్టుకుని రంగుల కొట్టుకి వెళ్లారు. కొట్టతను కలిపి చూపించిన ప్రతిసారీ "ఇంకాస్త పసుప్పచ్చ పడాలి బాబూ" అంటుంటే, అతను విసిగిపోయి, "మీరే కలుపుకోండమ్మా" అని డబ్బా ఆవిడ ముందుకు తోసేశాడు. ఆవిడ నిజంగానే కలుపుకున్నారు.

ఇంక మా పని మొదలైంది. ఉప్పుకాగితంతో తుప్పు రుద్దాం, సొట్టలు పూడేలా లప్పం పెట్టాం, మళ్లీ తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పూశాం. "రంగెవరైనా వేస్తారు, రుద్దడమే అసలు పని" అంటూ నేను రుద్దిన చోటల్లా ఆవిడ మళ్లీ రుద్దేవారు. లోపలి కప్పుకి రంగు వేస్తుంటే చుక్కలన్నీ మా నెత్తిమీదే పడేవి. సాయంత్రం కిరసనాయిలు గుడ్డతో ఒకరి జుట్టు ఒకరం తుడుచుకునేవాళ్లం. అంతకుముందు ఆవిడ ఎదుట కూర్చోవడానికే జంకేదాన్ని. ఆ ఇరుకులో మోకాళ్లు మోకాళ్లు తగులుతుండగా ఆవిడ తన కొత్తకాపురం కబుర్లు చెబుతుంటే, నాకు ఆ ఇల్లు నా ఇల్లనిపించింది.

అంతా బాగానే కుదిరింది, గడప రేకులు తప్ప. అక్కడ వేసిన రంగు మర్నాటికి పాలమీద మీగడలా లేచి వచ్చేసింది. ఏళ్ల తరబడి రాసిన నూనె పసుపు ఇనుముని పట్టేసి ఉంది మరి. అత్తగారు చాకలిసోడా నీళ్లతో కడిగి, ఆరబెట్టి, గీకి, గురువారం సాయంత్రం మళ్లీ రంగు వేశారు. మామగారు ఇదంతా ఓరకంట చూస్తూనే ఉన్నారని నాకు తెలుసు. పలకరిస్తే మాత్రం కళ్లు మూసుకునేవారు.

మర్నాడు పొద్దున నేను వాకిట్లో ముగ్గు వేస్తున్నాను. అత్తగారు ఇంటి గడపకి పసుపు రాసి, గిన్నెతో సహా షెడ్డులోకి వెళ్లి, డ్రైవరు వైపు తలుపు తీసి, ఇంకా ఆరని రంగు మీద పసుపు పులిమేశారు.

"ఏయ్! తడి రంగు మీద పసుపేంటే, పిచ్చిమొహమా!"

ఆ గొంతు ఎవరిదో ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. ముద్దమాటే, కానీ వీధి చివరిదాకా వినిపించే కేక.

"శుక్రవారం కదండీ, అలవాటుగా చెయ్యి వెళ్లిపోయింది" అన్నారు అత్తగారు, ఉన్నచోటే నిలబడి. "ఇప్పుడేం చెయ్యమంటారు?"

"తుడవకు! తుడిస్తే మొత్తం పోద్ది. ఆగు, నేనొస్తన్నా."

ఆయన కర్ర అందుకున్నారు. నేను సాయానికి వెళ్లబోతే అత్తగారు అక్కణ్నుంచే వద్దని చెయ్యి ఊపారు. మెట్లు దిగడానికే చాలాసేపు పట్టింది. తిట్టుకుంటూ, ఆగుతూ, కాలు ఈడ్చుకుంటూ ఆయన షెడ్డు చేరారు. ఆ పసుపు ముద్దల్ని చూసి ఇంకా తిట్టబోయి, నవ్వేశారు. జబ్బు చేశాక ఆయన నవ్వింది అప్పుడే. ఇంట్లో కాటా మాట మళ్లీ వినపడలేదు.

చాలా ఏళ్లకి, మామగారు కూడా వెళ్లిపోయాక, అడిగాను. "అత్తయ్యా, ఆ రోజు నిజంగానే మర్చిపోయారా, కావాలనే రాశారా?"

బియ్యంలో రాళ్లు ఏరుతున్న ఆవిడ తలెత్తలేదు. "ఆయన దిగొచ్చారా లేదా?" అన్నారు.

ఇంక అడగడానికి ఆవిడ లేరు. నాకు మాత్రం ఆ శుక్రవారం కళ్ల ముందే ఉంది. రంగు ఆరేదాకా ఎవరూ ఎక్కకూడదని చెప్పిన మామగారే ఆగలేకపోయారు. మేమిద్దరం చెరోవైపు పట్టుకుని ఆయన్ని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాం. ఎడం చెయ్యి స్టీరింగు మీద వేశారు. కుడి చేతిని మెల్లగా తెచ్చి దాని పక్కన పెట్టారు. కుడి కాలు బయటే వేలాడుతోంది. అత్తగారు నేలమీద చతికిలబడి, పసుపూ రంగూ అంటిన రెండు చేతులతో ఆ కాలిని గడపకి తగలకుండా ఎత్తి, లోపలపెట్టి, యాక్సిలరేటర్ మీద ఆనించారు. తర్వాత చుట్టూ తిరిగి వచ్చి, రెండో వైపు ఎక్కి, తన సీట్లో కూర్చుని, ఇంజను లేని ఆ బండిలో చీర కుచ్చిళ్లు సర్దుకున్నారు.

"ఇంక పోనివ్వండి" అన్నారు.