అక్క పొడి, నా పొడి

అనంతపురంలో మా ల్యాబ్‌లో నాకంటే రెండేళ్లు సీనియర్ ఒక అక్క ఉండేది. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటి పిల్ల. ఇద్దరం ఒకే ఉక్కు పాత్రలో, రోజు విడిచి రోజు, ఒకే పని చేసేవాళ్లం. ప్లాస్టిక్‌గా మారే ద్రవం, దాన్ని మార్చే మందు, స్టెబిలైజర్ వేసి, కార్బన్ డయాక్సైడ్‌ను పంపుతో కూరి వేడి చేస్తాం. అంత ఒత్తిడిలో ఆ వాయువు గాలీ కాదు, నీళ్లూ కాదు. పాత్రకున్న చిన్న కిటికీలోంచి చూస్తే మొదట లోపల ఏమీ లేనట్టే ఉంటుంది. కాసేపటికి తెల్లగా మసకబారుతుంది. రేణువులు పుట్టేది అప్పుడే. ఎన్ని పుట్టాలో అక్కడే తేలిపోతుంది, తర్వాత అవి పెరగడమే. అవి ఒకదానికొకటి అంటుకోకుండా చూసేది స్టెబిలైజర్. అది ఎక్కువుంటే రేణువులు చిన్నవిగా వస్తాయి. గ్యాస్ వదిలేస్తే అడుగున తెల్లటి పొడి మిగులుతుంది.

నా పొడి సన్నగా, సమంగా వచ్చేది. అక్కది ముతక. నోట్‌బుక్‌లో మాత్రం ఇద్దరి కొలతలూ ఒకటే. అదే నాకు మింగుడు పడలేదు. నేను పాలు పోయించుకున్నా వేలు ముంచి చూసే రకం. స్టెబిలైజర్ విదేశం నుంచి చిన్న సీసాలో వచ్చేది. అక్క తక్కువ వేసి, మిగిలింది ఆఖరి ప్రయోగాలకు దాచుకుంటోందని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. తూచేటప్పుడు ఆమె నావైపు వీపు ఎందుకు తిప్పాలి? సీసా మీద పెన్సిలుతో గీత కూడా పెట్టాను. దాంతో ఏమీ తేలలేదు కానీ అనుమానం మాత్రం ముదిరింది.

చివరికి మా సార్‌కు చెప్పాను. సార్ ఆమెను ఒక్క మాట కూడా అడగలేదు. సీసా తన బీరువాలో పెట్టి, ఇకనుంచి అక్కకు నేనే తూచి ఇవ్వాలన్నారు. అక్క పాత ఫలితాలతో థీసిస్ రాయడానికి వీల్లేదన్నారు. ఆమె ఫెలోషిప్ ఇంకో నాలుగు నెలల్లో అయిపోతుంది. అక్క నాతో మాట్లాడటం మానేసింది.

నా చేత్తో తూచి ఇచ్చినా ఆమె పొడి మళ్లీ ముతకగానే వచ్చింది. అప్పుడు నాకు భయం పట్టుకుంది.

మర్నాడు నా వంతు. పాత్ర కడుగుతుంటే అక్క వెనక నిలబడి, నా చేతిలోని కడిగే సీసాలో ఏముందని అడిగింది. పోయినసారి ఆఖరున పాత్ర కడిగిన సాల్వెంట్ అన్నాను. అంటుకున్నదాన్ని కరిగించే ద్రవమది, చూడ్డానికి తేటగానే ఉండేది. బెళుగుప్పలో మా ఇంట్లో బియ్యం కడిగిన నీళ్లు గిన్నెలకు, గిన్నెల నీళ్లు కరివేపాకు చెట్టుకు పోతాయి. కడిగినదాన్ని ఊరికే పారబోయడానికి నాకు చేతులు రావు. ప్రతిసారీ దాన్నే దాచి, మళ్లీ దాంతోనే కడిగి ఆరబెట్టేవాణ్ణి. అక్క తన వంతుకు కొత్తదే వాడేది.

"సాల్వెంట్ ఆరిపోతాది. దాంట్లో కరిగిన స్టెబిలైజర్ యాడికి పోతాదప్పా? ఈ పాత్ర గోడకే అంటుకోని ఉంటాది," అంది.

ఆ రోజు కొత్త సాల్వెంట్‌తో కడిగి చేశాను. నా పొడి అచ్చం ఆమెదిలాగే ముతకగా వచ్చింది. అది పట్టుకుని అక్క దగ్గరికి వెళ్లాను. తప్పయిపోయిందంటే, తనతో కాదు, సార్‌తో చెప్పమంది.

నా పాత పొడీ, ఈ కొత్త పొడీ పట్టుకెళ్లి సార్‌కు జరిగిందంతా చెప్పాను. ఆయన రెండింటినీ వేళ్ల మధ్య నలిపి చూశారు. తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగారు.

"ఇట్ల చెప్పమని ఆయమ్మ నేర్పించిందా నీకు?"