సీసం గుండ్ల వాటా

చైనావాళ్లతో యుద్ధం అయిన మరుసటేడు, రోహిణి కార్తె ఎండలో, మధ్యాహ్నం రెండింటికి కృష్ణపట్నం దగ్గర కాపలా పోస్టులో దిగినాను. రేకుల షెడ్లు రెండు, వైర్‌లెస్ స్తంభం ఒకటి, మనుషులం ఎనిమిది మందిమి. చుట్టూ ఉప్పు నేల. ఆస్పత్రి కావాలంటే నెల్లూరు పోవాల, పదిహేను మైళ్లు. మెకానిక్కూ డ్రైవరూ నేనే. నాకు అప్పజెప్పింది తెల్లదొరలనాటి కారు. వెనక భాగం కోసి స్ట్రెచరు పట్టేటట్టు చేసినారు. పేరుకు అంబులెన్సు. కదిలితే ఒట్టు.

ఇంజను విప్పితే రాడ్ల బేరింగులు కరిగిపోయి ఉండాయి. స్పేర్లు పంపమని వైర్‌లెస్‌లో అడిగించినాను.

"మంజూరు లేదు. ఉన్నవాటితో సర్దుకో. ఓవర్."

ఏం ఉండాయని సర్దుకునేది, నా తలకాయ!

పోస్టుకు రోజూ చేపలిచ్చే పోలయ్యతో ఈ గోడు చెప్పినాను. సీసం దొరికితే కరిగించి బేరింగులు నేనే పోసుకుంటానన్నాను. మర్నాడు తన వలకు కట్టిన సీసం గుండ్లన్నీ విప్పి, గంపతో తెచ్చి నా ముందు పోసినాడు.

"ఎంతియ్యాల పోలయ్యా?"

"డబ్బులొద్దు సామీ. వేటలో వల ఇచ్చినోడికి ఓ వాటా, పడవ ఇచ్చినోడికి ఓ వాటా. నాకూ ఈ బండిలో వాటా ఉండాల. మా కూతురు నాగమ్మకు ఎనిమిదో నెల. పోయిన కాన్పులో ఎద్దులబండి మీద పోతా ఉంటే దోవలోనే బిడ్డ పోయినాడు. ఈసారి నొప్పులొస్తే నెల్లూరు చేర్చు, చాలు."

మా హవల్దారు పక్కనే ఉన్నాడు. "సరే, మాటిస్తున్నా" అన్నాడు. నేనూ తలూపినాను.

సీసం కరిగించి పోసినాను. పావుగంట నడిచి ఇంజను టకటకా కొట్టుకునింది. ఉత్త సీసం మెత్తన, నిలవదు. మెకానిక్కునై ఉండి, తొందరలో నా బుద్ధి గడ్డి తినింది. పోలయ్య మళ్లీ ఇంటికి పోయినాడు. రెండో వల గుండ్లు కూడా విప్పి తెచ్చినాడు. ఇక వేటకు పోయేందుకు వల లేదు ఆయనకు. నెల్లూరులో ఒక అచ్చాఫీసువాళ్లు అరిగిపోయిన అక్షరాలు నాలుగు దోసిళ్లు ఇచ్చినారు. అది గట్టి లోహం. రెండూ కలిపి పోసి, ఇరుసుకు దీపం మసి పూసి, బేరింగులో ఎక్కడ మసి అంటితే అక్కడ ఎత్తుందని గీకి, నాలుగు రాడ్లూ కూర్చోబెట్టేసరికి తొమ్మిది రోజులు. వేళ్లన్నీ పుండ్లు. పదో రోజు పొద్దున ఆరింటికి హ్యాండిలు తిప్పితే మూడో తిప్పుకు అందుకునింది. పోలయ్యవాళ్ల పల్లెపాళెం ఆడోళ్లు కొత్త పడవకు చేసినట్టే బానెట్‌కు పసుపు రాసి బొట్లు పెట్టినారు.

మరుసటి వారమే కొత్త కెప్టెన్ వచ్చినాడు. హవల్దారు సంగతి చెప్తే పగలబడి నవ్వినాడు.

"మిలిటరీ బండిలో చేపలోళ్లకు వాటానా? ఒక్క సివిలియన్ ఎక్కినా కోర్టు మార్షలే!"

అప్పట్నించీ బండి ఆయనదే. సాయంత్రం పేకాటకు, ఆదివారం సినిమాకు. ఆ ఇంజనులో వాడబ్బ సొమ్ము ఏముండాది? ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండిపోతుంది.

ఒక ఆదివారం పదకొండింటికి ఆయన్ను నెల్లూరికి మాట్నీకి తీసుకుపోతున్నా. ముత్తుకూరు దాటినాక, ముందర నులక మంచం మోస్తా నలుగురు, ఆదివారం బండి దొరకదని నడిచే బయల్దేరినట్టుండారు. ఒక కోడు పట్టింది పోలయ్య. మంచం మీద నాగమ్మ, మెలికలు తిరిగిపోతా ఉంది. హారను కొట్టి వేగం తగ్గించినాను.

"సార్, స్ట్రెచరు ఖాళీగానే ఉండాది."

"పోనీ."

"సార్, నొప్పులు పడతా ఉంది."

"పోనీ అన్నానా!"

పోనిచ్చినాను. వాణ్ణి ఇన్నేళ్లుగా తిడతానే ఉన్నా గానీ, ఆక్సిలరేటరు తొక్కిన కాలు నాదే గదా.

నాగమ్మ బతికింది. బిడ్డ దక్కలేదు. రెండు నెలలకు నన్ను బదిలీ చేసినారు. సర్వీసు ముగించుకుని నాయుడుపేటకు వచ్చి షెడ్డు పెట్టుకున్నాను. మాజీ సైనికుడని మీరు దండాలు పెడతారు. నాకు పెట్టబాకండి.

ఆ రోజు హారను వినపడగానే పోలయ్య తిరిగి చూసి బండిని గుర్తుపట్టినాడు. మొహం చేటంతయింది. గబగబా మంచం దించి, కూతురి చంకల కింద చేతులేసినాడు, బండిలోకి ఎక్కించేదానికి. మేము దాటిపోయినాం. కొంచెం ముందర ఆపుతామనుకున్నాడేమో, అద్దంలో చూస్తే నాగమ్మను ఇంకా లేపతానే ఉన్నాడు.