భూటాన్‌లో మా మెడికల్ బుక్

నేను పుట్టు పిరికిదాన్ని. భిలాయిలో మా సెక్టర్ ఆరు క్వార్టర్ నుంచి పక్క సెక్టరుకు వెళ్లాలన్నా మా ఆయన సైకిలు వెనక కూర్చుని వెళ్లాల్సిందే. అలాంటిదాన్ని తొంభైల మధ్యలో ఆయన వెంట పొరుగు దేశాల మీద పడి తిరిగాను. తిరిగినన్నాళ్లూ గుండె గుప్పిట్లో పెట్టుకునే తిరిగాను.

మా ఆయన అక్కడి ఉక్కు ప్లాంటులో రైలు పట్టాలు తయారుచేసే మిల్లులో పనిచేసేవారు. మాకు పిల్లలు లేరు. రిటైర్మెంటు ఇంకా రెండేళ్లుందనగా, ఎన్నాళ్లనుంచో వాడకుండా దాచుకున్న సెలవంతా ఒక్కసారే పెట్టేశారు. నాలుగు నెలలు. ముందు బంగ్లాదేశ్, తర్వాత భూటాన్, ఆఖరున నేపాల్. అంతా నేల మీదే, బస్సుల్లో, రైళ్లలో.

"నాను సేసిన పట్టాలు ఎక్కడెక్కడికో ఎల్లిపోతన్నాయి. మనం ఈ సెక్టర్లోనే ఉండిపోతే ఏటి బాగుంటాది?" అన్నారు. రిటైరయ్యాక వెళ్దామంటే వినలేదు. అంత తొందరేమిటో నాకు అర్థం కాలేదు.

మా టౌన్‌షిప్ ఆడవాళ్లు ఊరెళ్తుంటే ముందు సర్దేది చీరలు కాదు, మెడికల్ బుక్. మొగుడూ పెళ్లాల ఫోటో అంటించి ముద్ర కొట్టిన ఆ పుస్తకం చూపిస్తే చాలు, ప్లాంటు ఆసుపత్రిలో పరీక్షలూ మందులూ అన్నీ జరిగిపోతాయి. డాక్టర్లు జబ్బూ మందూ రాసేదీ అందులోనే. పెళ్లయి విజయనగరం నుంచి వచ్చాక నేను మందుల షాపు మెట్టెక్కిన పాపాన పోలేదు. ఆయన మాత్రం, "అక్కడ దాన్నెవడు సూస్తాడే? ఇంటికాడ వదిలీ" అని రెండుసార్లు అన్నారు. నేను వినకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి చేతిసంచి అడుగున పెట్టాను.

బంగ్లాదేశ్‌లో నది దాటడానికి మా బస్సునే పెద్ద పడవ మీదికి ఎక్కించారు. అవతలి ఒడ్డు కనపడలేదు. మునిగితే ఈదాలి కదా అని చెప్పులు విప్పేశాను. నాకు ఈత రాదు. మా ఊరి పైడితల్లమ్మకు మొక్కుకుంటూ కళ్లు మూసుకుని కూర్చుంటే, మా ఆయన పక్క సీటు వాళ్లకు హిందీలో నా సంగతి చెప్పి నవ్వించారు. భూటాన్ కొండలెక్కే బస్సులోనూ అంతే. ఒక పక్క లోయ, అడుగు కనపడకుండా మబ్బు. నేను ఆయన చొక్కా వదిలితే ఒట్టు.

"నువ్వు నాతో ఒచ్చావా, నా సొక్కాతో ఒచ్చావా?" అన్నారాయన.

ఆయనకు గ్యాసు పట్టేస్తోందని రోజూ పొద్దున్నే ఒక బిళ్ల వేసుకునేవారు. టీతో పాటు ఆ బిళ్లను నేనే చేతికిచ్చేదాన్ని.

పైన ఊరు చేరిన మూడో రోజు, కొండ మీద గుడి చూద్దామని బయల్దేరాం. మెట్లు సగం ఎక్కాక ఆయన కూర్చుండిపోయారు. అంత చలిలో ఒళ్లంతా చెమట. పెదాలు నల్లబడ్డాయి. ఎడమ చెయ్యి పట్టుకుని ఏదో అనబోయారు, మాట రాలేదు. దారిన పోయేవాళ్లే ఆయన్ని మోసుకెళ్లి జీపులో వేసి ఆసుపత్రికి చేర్చారు. పరాయి దేశంలో ఒంటరిదాన్ని అయిపోతానన్న మాట ఒక్కటే దారంతా నా బుర్రలో తిరిగింది.

కౌంటర్ దగ్గర పేరు రాసుకునే అమ్మాయికి సంచిలోంచి మెడికల్ బుక్ తీసి ఇచ్చాను. చూపించకపోతే లోపలికి రానివ్వరేమోనని నా భయం. ఆ అమ్మాయి అటూ ఇటూ తిప్పి చూసి, "దీదీ, ఇదేమిటి?" అని హిందీలో అడిగింది. మా ఆసుపత్రి పుస్తకమండీ, ఇందులో ఇద్దరి పేర్లూ ఉన్నాయి, అని చెప్పాను. ఆమె నవ్వలేదు. తీసుకెళ్లి డాక్టరుకు ఇచ్చింది.

డాక్టరు మన దేశం ఆయనే. పుస్తకం చదువుకుని బయటికి వచ్చారు. "గుండె జబ్బని ఆర్నెల్ల కిందటే రాశారు. ఎత్తు ప్రదేశాలకు వెళ్లొద్దనీ రాశారు. తెలిసీ ఎలా తీసుకొచ్చారమ్మా?" అని హిందీలో అడిగారు. ఆ ఇంగ్లీషు గిలుకుడు రాతలు నేనెప్పుడు చదివాను గనక? నేను రోజూ ఇచ్చే బిళ్ల కూడా గుండెకేనట. నదికీ లోయకీ బెదిరిపోయాను గానీ, అసలు భయపడాల్సింది నా సంచి అడుగునే పెట్టుకుని మోశాను.

బతికారు. రెండో రోజుకి మాట్లాడగలిగారు.

"నాకెందుకు చెప్పలేదండీ?" అన్నాను.

"సెప్తే నువ్వు గుమ్మం దాటుతావేటి?" కప్పు వంక చూస్తూ, "ఒక్కణ్నీ ఎల్దామనే అనుకున్నానే. బయమేసింది" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. నన్ను పిరికిదని దారంతా నవ్వించిన మనిషి. చెడామడా తిట్టాలనిపించింది. తిడితే ఆ గుండె ఏమైపోతుందోనని నోరు మూసుకున్నాను.

వారం తర్వాత, నెమ్మదిగా కిందికి దిగిపొమ్మన్నారు డాక్టరుగారు. నేపాల్ సంగతి ఇద్దరం ఎత్తలేదు. దిగే బస్సులో లోయ నా కిటికీ వైపే వచ్చింది గానీ నేనటు చూడలేదు. ఆయన నా భుజం మీద తల వాల్చి కళ్లు మూసుకున్నారు. మలుపు మలుపుకీ ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను. వెచ్చగా తగిలేదాకా నాకు ఊపిరి ఆడడం లేదు.

ఎన్నో మలుపు దగ్గరో, కళ్లు తెరవకుండానే, "ఉన్నాన్లే" అన్నారు.

నేను వేలు తియ్యలేదు.