కరుణత్త రెండో పరుగు

ఇవాళ పొద్దున మెట్టుగూడలో ఆటో దిగగానే తడి సున్నం ఘాటు ముక్కుకు తగిలింది. కాలనీ గ్రౌండు గోడకు కొట్టడానికి బకెట్లో కలుపుతున్నారు. నా చెయ్యి పట్టుకుని దిగిన కరుణత్త, మా నాన్న చెల్లెలు, ఆ బకెట్‌ను కోపంగా చూసింది. ఆ గోడ మీద ఆవిడ పేరుంది, వంద మీటర్ల రికార్డుంది.

నా చిన్నప్పుడు ఆ వాసన వచ్చిందంటే క్రిస్మస్, దాని వెంటే ఆటల పోటీలు వచ్చినట్టే. కేకు పిండి పోసిన రేకు ట్రేలు నెత్తిన పెట్టుకుని బేకరీ ముందు వరుస కట్టేవాళ్లం, నాయనమ్మ చేసిన గులాబీ పువ్వులు డబ్బాలోకి చేరేలోపే సగం మా జేబుల్లో విరిగి నూనె మరకలయ్యేవి, రైళ్ల కూతల మధ్యే చర్చి పాటల ప్రాక్టీసు సాగేది. అత్త మాత్రం ఆ వారం కేకు ముట్టేది కాదు. చలిలో మౌలాలి గుట్ట దాకా పరుగెత్తి వచ్చి చద్దన్నం తినేది. ఆడపిల్లకు అంత పరుగేమిటని నాయనమ్మ సణిగేది గానీ, ఆ చద్దన్నంలో మజ్జిగ పోసి ఉంచేదీ ఆవిడే.

ఓ ఏడు వంద మీటర్ల పరుగులో అత్త ఉత్తకాళ్లతో అందరికంటే ఎంతో ముందు రిబ్బను తెంచింది. వాచీ పట్టుకున్న పెద్దమనిషి నవ్వాడు. ఆడమనిషికి ఆ టైము రాదట, వాచీ చెడిపోయిందట. నాకు ఒళ్లు మండిపోయింది. అత్త ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ సున్నం డబ్బా అందుకుని, చెరిగిన గీతను తానే మళ్లీ గీసింది.

“ఇంకో వాచీ సుత తెండ్రి. మళ్ల ఉరుకుత,” అంది.

ఊపిరి కుదుటపడకముందే ఉరికింది. ఈసారి రెండు వాచీల్లోనూ మొదటిదానికంటే తక్కువ టైమే వచ్చింది. గోడ మీదికెక్కింది ఆ రెండో పరుగే. ఇన్నేళ్లలో ఎందరమ్మాయిలు వచ్చినా దాన్ని కదిలించలేకపోయారు. ఆ సాయంత్రం ట్రేలో కేకంతా అత్త ఒక్కతే తింది, ఎవరూ అడ్డు చెప్పలేదు.

చేత్తో నొక్కిన వాచీ టైము ఇప్పుడు చెల్లదట. అందుకే పేరు తీసేస్తున్నామని కమిటీ కుర్రాడు మర్యాదగానే చెప్పాడు. యాప్రాల్ నుంచి మోకాళ్ల నొప్పితో వచ్చిన అత్త అంతా విని, గోడ దగ్గరికి నడిచింది.

“తుడుస్తె తుడువు బిడ్డా. ముందుగాల ఈడ వంద మీటర్ల జాగ చూపియ్యి. నన్ను దాటి ఉరికినదాని పేరు నేనే రాస్త.”

కుర్రాడు చుట్టూ చూశాడు. ఈ చివర ఫంక్షన్ హాలు, ఆ చివర వరసగా కార్లు. అత్త పరుగెత్తిన ఆ వంద మీటర్ల నేల ఇప్పుడు ఎక్కడా లేదు. అత్త తన పేరుకు వీపు ఆనించి నిలబడింది. పక్కనే నేనూ నిలబడ్డాను. కొట్టమనండి సున్నం, చూస్తాను.